నిలిచిన అమ్మకానికే కమీషన్

చిన్నీ,

నీ మంగళగిరి చీరల వెబ్‌సైట్‌కి అఫిలియేట్లను పెట్టుకుంటానన్నావు. ఫోన్లో తేలే విషయం కాదని రాస్తున్నాను. తమ్ముడికి కూడా చూపించు. వాడి వంటల సైట్‌కి ఇదే లెక్క అవతలి వైపు నుంచి పనికొస్తుంది.

పద్ధతి కొత్తదేం కాదు, అమెజాన్ 1996లోనే మొదలుపెట్టింది. నీ చీర గురించి ఒకరు రాసి, వాళ్ళ పేరు మీద నువ్విచ్చిన లింకు పెడతారు. ఆ లింకు నొక్కి వచ్చినవాళ్ళు కొంటే, రాసినవాళ్ళకి కమీషన్ ఇస్తావు. అలా రాసేవాళ్ళే అఫిలియేట్లు. ముందుగా డబ్బు కట్టే పని లేదు కాబట్టి చిన్న వ్యాపారానికి బాగుంటుంది. కానీ కమీషన్ ఎంతో పక్కవాళ్ళని చూసి పెట్టకు, నీ లెక్కలోంచి తియ్యి.

నువ్వు చెప్పిన 2,400 రూపాయల చీరే తీసుకుందాం. అందులో 5 శాతం జీఎస్టీ తీసేస్తే 2,286 మిగులుతుంది. నేతగాళ్ళకి 1,500, ప్యాకింగ్, కొరియర్‌కి 150, ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వేకి 48 పోతే చేతిలో 588. ఇక క్యాష్ ఆన్ డెలివరీలో పదింటికి రెండు పార్సిళ్ళు తిరిగొస్తాయనుకో, రానూపోనూ ఒక్కోదానికి 250 దండగ. ఆ 500ని నిలిచిన ఎనిమిది చీరల మీద పంచితే ఒక్కోదానికి 62. మిగిలింది 526. 10 శాతం కమీషన్ ఇస్తే 229 పోయి 297 ఉంటుంది. 20 శాతం ఇస్తే 69 రూపాయలే. 8 నుంచి 10 మధ్య ఆగు. జీఎస్టీ తీసేసిన ధర మీదే కమీషన్ అని ఒప్పందంలో ముందే రాయి, తర్వాత చెబితే గొడవే.

అసలు చిక్కు ట్రాకింగ్‌లో, అంటే ఏ అమ్మకం ఎవరి లింకు వల్ల వచ్చిందో పట్టుకోవడంలో ఉంది. దీన్ని నిదానంగా చదువు. లింకు నొక్కగానే కొనేవాళ్ళ బ్రౌజర్‌లో కుకీ అనే చిన్న గుర్తు పడుతుంది, ఎవరి ద్వారా వచ్చారో అందులో ఉంటుంది. ఆర్డర్ అయ్యాక వచ్చే "థాంక్యూ" పేజీలో ఒక చిన్న కోడ్ ఆ కుకీని చదివి అమ్మకాన్ని నమోదు చేస్తుంది. మన దగ్గర ఇది రెండు చోట్ల తెగుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో లింకు నొక్కితే పేజీ ఇన్‌స్టా లోపలి బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. కొనే ఆవిడ చీర చూసి, రాత్రి అక్కయ్యకి చూపించి, మర్నాడు క్రోమ్‌లో వెతుక్కుని కొంటుంది. కుకీ ఇన్‌స్టాలోనే ఉండిపోయింది, క్రోమ్‌లో లేదు. రెండోది యూపీఐ. డబ్బు కట్టడానికి ఫోన్‌పేలోకి వెళ్ళి, "సక్సెస్" అని కనపడగానే ఫోన్ పక్కన పెట్టేస్తారు. థాంక్యూ పేజీ తెరుచుకోదు, కోడ్ నడవదు. నీకు డబ్బు వచ్చింది, రాసిన అమ్మాయి ఖాతాలో మాత్రం సున్నా. నువ్వు మోసం చేశావనే ఆ అమ్మాయి అనుకుంటుంది.

అందుకని రెండు పనులు చెయ్యి. ఒక్కొక్కరికీ సొంత కూపన్ కోడ్ ఇవ్వు, కుకీ పోయినా కోడ్ చెబుతుంది. అలాగే లింకు నొక్కిన ప్రతిసారీ పడే క్లిక్ నంబర్‌ని ఆర్డర్‌తో పాటే దాచి, పేమెంట్ గేట్‌వే నుంచి డబ్బు అందినట్టు కబురు రాగానే నీ సర్వరే అమ్మకాన్ని నమోదు చేసేలా పెట్టించు. దీన్ని పోస్ట్‌బ్యాక్ అంటారు, నీ డెవలపర్‌కి తెలుస్తుంది. కుకీ గడువు 30 రోజులు పెట్టు. చీర కొనేవాళ్ళు పండగ దాకా ఆగుతారు.

కమీషన్ ఆర్డర్ నాడే ఇవ్వకు. ముందు "పెండింగ్", పార్సిల్ చేరి రిటర్న్ గడువు ముగిశాకే "అప్రూవ్డ్". తిరిగొచ్చిన పార్సిల్‌కి కమీషన్ లేదు. కానీ ఏ ఆర్డర్ ఎందుకు రద్దయిందో వాళ్ళకి కనపడాలి.

ఇక ఎత్తులు వేసేవాళ్ళు. గూగుల్‌లో నీ షాపు పేరు మీదే ప్రకటన కొని, నిన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళని తమ లింకు గుండా పంపుతారు. నీకు ఎలాగూ వచ్చే అమ్మకానికి కమీషన్ కడతావన్నమాట. ఒప్పందంలో దాన్ని నిషేధించు. క్లిక్‌కీ ఆర్డర్‌కీ మధ్య ఎప్పుడూ పది ఇరవై సెకన్లే ఉంటే అది, కొనబోతూ కూపన్ కోసం వెతికినవాళ్ళని పట్టుకుని కూపన్ సైట్ చివర్లో దూరిన గుర్తు. ఎవరూ నొక్కకుండానే కుకీ జొప్పించేవాళ్ళూ ఉంటారు. ఈబేని అలా మోసం చేసిన ఇద్దరికి 2014లో అమెరికాలో జైలు శిక్షలు పడ్డాయి.

పన్ను సంగతి. ఏడాదిలో ఒకరికి 20,000 దాటి కమీషన్ ఇస్తే 2 శాతం టీడీఎస్, అంటే ప్రభుత్వానికి కట్టే పన్ను, ముందే పట్టుకోవాలి. కంపెనీగా పెడితే మొదటి నుంచీ వర్తిస్తుంది, నీ ఒక్కదాని పేరునే అయితే కిందటేడు అమ్మకాలు కోటి దాటితేనే. పాన్ మాత్రం చేరేటప్పుడే తీసుకో.

కమీషన్ వస్తుందన్న సంగతి పాఠకులకి చెప్పి తీరాలని నీ అఫిలియేట్లకి చెప్పు. తెలుగులో రాస్తే తెలుగులోనే, హ్యాష్‌ట్యాగుల గుంపులో కాకుండా లింకు దగ్గరే. తప్పుదోవ పట్టించే ప్రకటనకి వినియోగదారుల చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు.

తమ్ముడికి: అమెజాన్ లింకు గడువు 24 గంటలే. చేరిన 180 రోజుల్లో మూడు అమ్మకాలు కాకపోతే ఖాతా మూసేస్తారు, సొంతంగా కొనుక్కున్నవి లెక్కలోకి రావు. లింకుల కోడ్‌లో "స్పాన్సర్డ్" అనే గుర్తు తగిలించమను, గూగుల్ అడిగేది అదే. మిక్సీల మీద పది లింకులు గుప్పించే కన్నా, గారెల పప్పు నీళ్ళు తక్కువ పోసినా ఏ జార్‌లో మెత్తగా నలుగుతుందో రాసి ఒక్క లింకు పెడితే మేలు.

మొదట ఐదుగురితోనే మొదలుపెట్టు, చీర ఒకటి చేతికిచ్చి కట్టుకుని చూశాకే రాయమను. వాళ్ళకి లింకులు పంపేముందు నాకొకటి పంపు. ఇన్‌స్టా నుంచి యూపీఐతో ఒకటి, వాట్సాప్ నుంచి కార్డుతో ఒకటి, క్యాష్ ఆన్ డెలివరీలో ఒకటి ఆర్డర్ పెడతాను. మూడోది తీసుకోకుండా వెనక్కి పంపుతాను. మొదటి రెండూ నమోదై, మూడోది రద్దయినట్టు చూపిస్తేనే తలుపు తెరువు.

అమ్మ