భౌతికశాస్త్ర విభాగ పూర్వ విద్యార్థుల సంఘం, అనంతపురం: 2025 వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

2025లో మన సంఘం చేపట్టిన పనులను, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగం చేస్తూ వస్తున్న కృషిని ఈ నివేదిక ద్వారా మీ ముందు ఉంచుతున్నాం. 1968లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి పోస్టుగ్రాడ్యుయేట్ కేంద్రంగా మొదలై, 1981లో స్వతంత్ర విశ్వవిద్యాలయంగా మారిన ప్రాంగణంలో చదువుకున్నవాళ్లం మనం. ఎవరికి పీహెచ్‌డీ వచ్చింది, ఎవరు ఎక్కడ ఉద్యోగంలో చేరారు అన్న కబుర్లు మనకు ఎలాగూ అందుతూనే ఉంటాయి. అందుచేత ఈసారి ఎక్కువ చోటును విభాగంలో చాలా ఏళ్లుగా సాగుతున్న ఏరోసాల్ పరిశోధనకు కేటాయించాం. అది మనం రోజూ పీల్చే గాలికి సంబంధించిన పని.

గాలిలో తేలే సూక్ష్మమైన దుమ్ము, పొగ, మసి, లవణాల కణాలనే ఏరోసాల్స్ అంటారు. ఇవి కొంత ఎండను వెనక్కి చెదరగొడతాయి, మసి కణాలైతే ఎండను పీల్చుకుని చుట్టూ ఉన్న గాలిని వేడెక్కిస్తాయి. వీటిని కొలవడానికి ఇస్రో తన జియోస్పియర్ బయోస్పియర్ కార్యక్రమం కింద దేశంలో అనేక చోట్ల పరిశీలనా కేంద్రాలను ఏర్పాటు చేసింది. తిరువనంతపురంలోని అంతరిక్ష భౌతికశాస్త్ర ప్రయోగశాల సమన్వయపరిచే ఈ కేంద్రాల్లో అనంతపురం ఒకటి. సముద్రానికి దూరంగా, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే మెట్టప్రాంతం కాబట్టి ఇక్కడి గాలి లెక్కలు తీరప్రాంత నగరాల లెక్కలతో పోలవు. ఉపగ్రహాలు పైనుంచి వేసే అంచనాలు ఎంతవరకు సరైనవో తేల్చుకోవడానికి ఇలాంటి నేల మీది కొలతలే ఆధారం.

పని జరిగే తీరు తెలియని కొత్త సభ్యుల కోసం ఒక మాట. ఎథలోమీటర్ అనే పరికరం గాలిని లోపలికి లాగి క్వార్ట్జ్ వడపోత టేపు గుండా పంపుతుంది. టేపు మీద మసి పేరుకునే కొద్దీ దాని గుండా వెళ్లే కాంతి తగ్గుతుంది. ఆ తగ్గుదలను బట్టి గాలిలోని నల్ల కర్బనం, అంటే మసి, ఎంతో లెక్కకడతారు. ఇక్కడి పరిశీలనల్లో నల్ల కర్బనం చలికాలంలో పెరిగి, వానాకాలంలో తగ్గుతుందని తేలింది. ఒక్క రోజునే తీసుకుంటే పొద్దున పనుల వేళ ఒకసారి, రాత్రి మరోసారి పెరుగుతుంది. వాహనాలు, పొయ్యిల పొగ ఇందుకు ఒక కారణం కాగా, నేల చల్లబడినప్పుడు గాలి పైకి కలవక పొగంతా కిందనే నిలిచిపోవడం రెండో కారణం. మధ్యాహ్నం ఎండకు గాలి పైదాకా కలియబడటంతో అదే పొగ పలచబడుతుంది. ఒకే చోట, ఒకే పద్ధతిలో ఇన్నేళ్లు కొలుస్తూ రావడాన్ని విభాగం సాధించిన అన్నిటికన్నా గొప్ప విజయంగా కార్యవర్గం భావిస్తోంది. పరికరం దగ్గర పండగనాడు కూడా కాపు కాసిన పరిశోధక విద్యార్థులందరికీ సంఘం కృతజ్ఞతలు తెలుపుతోంది.

సంఘం సొంత కార్యక్రమాల్లో సభ్యులు ఎక్కువగా పాల్గొన్నది నీడలేని రోజు పరిశీలనలో. సూర్యుడు అనంతపురానికి సరిగ్గా నడినెత్తికి ఏడాదిలో రెండుసార్లే వస్తాడు, ఏప్రిల్ ఆఖరులో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఒకసారి. ఏప్రిల్‌లో బడులకు సెలవులు కాబట్టి ఆగస్టును ఎంచుకున్నాం. నీడ మాయమయ్యేది 12 గంటలకు కాదు, 12 గంటల 24 నిమిషాల ప్రాంతంలో. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానికి నడుస్తుంది, మన ఊరు దానికి దాదాపు ఐదు డిగ్రీలు పడమర, డిగ్రీకి నాలుగు నిమిషాలు. మిగిలిన కొద్ది నిమిషాల తేడా భూమి కక్ష్య వల్ల, దాని అక్షం వాలు వల్ల వచ్చేది. పిల్లలు ఈ లెక్కను తామే వేసుకున్నారు. అదే మధ్యాహ్నం కర్నూలులో ఉన్న మన సభ్యులు మీటరు కర్ర నిలబెడితే సుమారు రెండు సెంటీమీటర్ల నీడ ఉత్తరానికి పడింది. రెండు ఊళ్ల అక్షాంశాల మధ్య తేడా 1.15 డిగ్రీలు, ఉత్తర దక్షిణ దూరం సుమారు 128 కిలోమీటర్లు. నీడ పొడవును బట్టి తేలే కోణం కూడా ఇంతే. 1.15 డిగ్రీలకు 128 కిలోమీటర్లైతే 360 డిగ్రీలకు ఎంత అని లెక్కిస్తే భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లకు దగ్గరగా వస్తుంది. సూర్యబింబం చుక్క కాదు గనుక నీడ అంచు మసకగా ఉంటుందని, అక్కడే లెక్క తప్పే అవకాశం ఎక్కువని ఉపాధ్యాయులు వివరించారు. కొలతలో దోషం ఎంత ఉండవచ్చో చెప్పడం బడి వయసులోనే అలవడాలి.

సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణాన్ని సభ్యులు కుటుంబాలతో కలిసి చూశారు. రాత్రి 11 గంటలకు మొదలైన సంపూర్ణ దశ 82 నిమిషాలు సాగింది. భూమి వాతావరణం వంచి పంపే ఎర్రకాంతి వల్లనే చంద్రుడు రాగిరంగులో కనిపిస్తాడు, ఆ రంగు ఎంత ముదురుగా ఉంటుందనేది గాలిలోని కణాల మీద కూడా ఆధారపడుతుంది. 1991లో పినటుబో అగ్నిపర్వతం పేలిన తరువాత, 1992 డిసెంబరు గ్రహణంలో చంద్రుడు చాలా నల్లగా కనిపించాడు.

ఐక్యరాజ్యసమితి 2025ను అంతర్జాతీయ క్వాంటం విజ్ఞాన సంవత్సరంగా ప్రకటించినందున డిగ్రీ విద్యార్థులకు ఉపన్యాసం ఏర్పాటు చేశాం. ఆ ఏటి భౌతికశాస్త్ర నోబెల్ పొందిన క్లార్క్, డెవరే, మార్టినిస్ 1980లలో చేసిన ప్రయోగం అందులో ప్రధానాంశం. చేతిలో పట్టుకునేంత పెద్ద విద్యుత్ వలయంలోనూ క్వాంటం సొరంగ ప్రభావాన్ని, అంటే దాటడానికి చాలినంత శక్తి లేకున్నా అడ్డుగోడను దాటిపోవడాన్ని, వారు చూపారు.

ఏపీ పీజీసెట్, నెట్ రాసే విద్యార్థులకు పాఠ్యపుస్తకాలు, దరఖాస్తు రుసుముల సాయం యథావిధిగా కొనసాగింది. జమాఖర్చుల పట్టికను కోశాధికారి సమావేశంలో విడిగా సమర్పిస్తారు.

2026 మార్చి 3న చంద్రుడు గ్రహణంతోనే ఉదయిస్తాడు. పంచాంగం దీన్నే గ్రస్తోదయం అంటుంది. సాయంత్రం 6 గంటల 47 నిమిషాలకల్లా గ్రహణం వీడుతుంది కాబట్టి తూర్పున కొండలు, మేడలు అడ్డులేని చోటు ముందుగానే చూసిపెట్టుకోవాలి. ఆగస్టు నీడ పరిశీలనకు కడపను కూడా కలపాలని తీర్మానించాం. అయితే కడప అక్షాంశం మన అక్షాంశానికి చాలా దగ్గర గనుక అక్కడి నీడ మిల్లీమీటర్లలోనే ఉంటుంది. కడపలోని సభ్యులు ఇప్పటి నుంచే పొడవైన, తిన్నని కర్రను, చదునైన నేలను చూసుకుని, తమ పేర్లను కార్యదర్శికి తెలియజేయాలని మనవి.