గీత గీసేటప్పుడే చెరువుని చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

హైటెన్షన్ లైను వస్తోందని తెలిస్తే చాలు, తెలిసినవాళ్లంతా నాకు ఫోన్ చేసి ముందు అడిగేది ఒకటే: "దీనికి పర్యావరణ అనుమతి ఉందా అండీ?" నేను ఒక కాంట్రాక్టు సంస్థలో లైన్ సర్వే చేసి రిటైరైనవాణ్ణి. ఆ ప్రశ్నకి నా జవాబు వింటే ఎవరూ ఒక పట్టాన నమ్మరు. అసలు ఆ అనుమతి అక్కర్లేదు. 2006 సెప్టెంబర్ 14న కేంద్రం ఇచ్చిన పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్‌లో గనులున్నాయి, సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, థర్మల్ కేంద్రాలున్నాయి, ఓడరేవులున్నాయి. 20 వేల చదరపు మీటర్లకు పైబడితే భవనాలు కూడా ఉన్నాయి. జిల్లాలకు జిల్లాలు దాటిపోయే 765 కేవీ (కిలోవోల్టుల) లైను మాత్రం ఆ జాబితాలో ఎక్కడా కనబడదు. జాబితాలో లేదు గనక ఆ నోటిఫికేషన్ కింద మదింపు నివేదిక లేదు, తెలుగులో సారాంశం లేదు, ప్రజాభిప్రాయ సేకరణ అసలే లేదు.

తీగలే కదా, పైనుంచి పోతాయి కదా అనుకునేవాళ్ల కోసం ఒక లెక్క చెప్తాను. 400 కేవీ లైనుకు 46 మీటర్ల వెడల్పు కారిడార్ వదలాలి. 765 కేవీ డబుల్ సర్క్యూట్, అంటే ఒకే టవర్ మీద రెండు లైన్లు అయితే 67 మీటర్లు. అంటే కిలోమీటరుకు దాదాపు 16న్నర ఎకరాలు. అందులో వరి వేసుకోవచ్చు, పత్తి వేసుకోవచ్చు. కొబ్బరి, టేకు మాత్రం ఇక పెంచనివ్వరు. ఉన్న చెట్లు కొట్టేస్తారు, మళ్లీ ఎదిగితే మళ్లీ కొడతారు, లైను ఉన్నన్నాళ్లూ ఇదే వరస.

అసలు ఏ పరిశీలనా లేదని నేను అనను. అటవీ భూమి తగిలితే 1980 నాటి అటవీ చట్టం కింద అనుమతి తీసుకోవాలి. అభయారణ్యం అయితే వన్యప్రాణి బోర్డు దాకా ఫైలు వెళ్లాలి. దీనివల్ల క్షేత్రంలో జరిగేది ఏమిటో మా సర్వేవాళ్లకి తెలుసు. అటవీ అనుమతికి నెలలు పడుతుంది కాబట్టి అలైన్‌మెంట్‌ని, అంటే లైను పోయే గీతని, అడవి అంచుదాకా తెచ్చి పక్కకు తిప్పుతారు. అడవి తప్పినందుకు సంతోషమే. కానీ తిప్పిన లైను గాల్లో పోదు కదా. అది వచ్చి పడేది మెట్ట పొలాల మీద, పచ్చిక బీళ్ల మీద, చెరువుల మీద. చెరువంటే మరీ సులువు. పోరంబోకు భూమి, పట్టాదారు లేడు, పరిహారం అడిగేవాడు లేడు. 2024 జూన్‌లో కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు సవరించి, టవర్ నిలిచే స్థలానికి భూమి విలువలో 200 శాతం, కారిడార్‌కి 30 శాతం పరిహారం ఖరారు చేసింది. రైతుకు అది న్యాయమే, ఇంకా ముందే రావాల్సింది. అయితే పట్టా పొలం ఖరీదైనకొద్దీ గీత చెరువు వైపు జరగదని ఎవరైనా హామీ ఇవ్వగలరా?

మరి తడి నేలల చట్టం లేదా అంటారేమో. 2017 నాటి తడి నేలల నియమాలు చదవండి. తాగునీటికీ సాగునీటికీ మనుషులు తవ్వుకున్న చెరువులు తడి నేలల కిందకి రావని నిర్వచనంలోనే రాసేశారు. ఇక మన చెరువుల్లో మిగిలేవెన్ని? గుంటూరు పక్కన ఉప్పలపాడుని చూడండి. గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు వేలల్లో చేరేది అక్కడి ఊరి చెరువులోనే. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో అయితే పక్షులు గూడు కట్టేది ఊళ్లో చెట్ల మీద. మన దగ్గర పెద్ద పక్షి బతికేది చాలావరకు మనుషుల మధ్యే, చట్టం చూసేదేమో అడవి వైపు.

సర్వే జరిగే కాలం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్లకి ఇది తట్టదు. పొలాలు ఖాళీగా ఉండాలి, జీపు దిగబడకూడదు. కాబట్టి ఎక్కువగా నడిచేది ఎండాకాలంలోనే. మే నెలలో ఒక చెరువు నడుమ స్టాండు పాతి నిలబడితే కాళ్ల కింద నెర్రెలు విచ్చిన ఒండ్రు, చుట్టూ నల్లతుమ్మలు, ఆ కొమ్మలన్నీ రెట్టలతో సున్నం వేసినట్టు తెల్లగా, పైన పుల్లలు వేలాడే పాత గూళ్లు. పక్షి ఒక్కటీ ఉండదు. మా ఫారంలో రోడ్డు దాటితే ఒక గడి, రైలు మార్గానికి ఒకటి, వేరే లైనుకి ఒకటి, కొట్టాల్సిన చెట్ల సంఖ్యకి ఒకటి. గూళ్లకి గడి లేదు. కాగితం మీదికి ఎక్కేది "చెరువు, ఎండినది" అన్న ముక్క మాత్రమే. ఇప్పుడు డ్రోన్లు, ఉపగ్రహ చిత్రాలు వచ్చాయి, చాలా మంచివి. కాకపోతే డ్రోన్‌ని కూడా మే నెలలోనే ఎగరేస్తే అదీ ఎండిన చెరువునే చూపిస్తుంది.

తీగల దగ్గర పక్షి ఎందుకు చస్తుందో అందరికీ తెలియదు. పెద్ద లైను మీద షాక్ కొట్టి చావడం తక్కువ, తీగకూ తీగకూ మధ్య దూరం ఎక్కువ కదా. గుద్దుకుని చస్తుంది. కరెంటు పారే కండక్టర్ సుమారు 32 మిల్లీమీటర్ల లావు ఉంటుంది, నాలుగేసి కలిపి కడతారు, పక్షి చూస్తుంది. చూసి పైకి లేస్తుంది. అక్కడ, టవర్ నెత్తి మీద, పిడుగుల కోసం కట్టిన ఎర్త్‌వైర్ ఉంటుంది. దాని లావు 11 మిల్లీమీటర్లు. పొద్దుటి మంచులో అది మనకే కనబడదు. నాలుగైదు కిలోల గూడబాతు చివరి క్షణంలో పక్కకి తిరగలేదు. రాజస్థాన్ ఎడారిలో బట్టమేక పిట్టలు (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) తిరిగే 4,200 చదరపు కిలోమీటర్లలోనే ఏటా 84 వేల పక్షులు విద్యుత్ తీగలకు బలవుతున్నాయని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది. ఆ బట్టమేక కోసమే సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో తీగలు భూమిలోకి దించమంది, 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సవరించి నిపుణుల కమిటీ వేసింది. మనకీ కర్నూలు వైపు రోళ్లపాడులో దాని కోసమే అభయారణ్యం ఉంది. ఇప్పుడక్కడ ఆ పిట్ట కనబడటమే గగనం. దానికి కారణాలు చాలా ఉన్నాయి, తీగల మీదే నెట్టేయను. లైన్లన్నీ వేసేశాక కోర్టుకెళ్తే ఎంత తంటానో తెలుసుకోవడానికి మాత్రం ఆ కేసు చాలు.

నేను లైన్లకు వ్యతిరేకిని కాదు, వాటితోనే పొట్ట పోసుకున్నాను. 2030కల్లా 500 గిగావాట్ల పునరుత్పాదక విద్యుత్తు కోసం 50,890 సర్క్యూట్ కిలోమీటర్ల (ఒకే టవర్ మీద రెండు లైన్లుంటే కిలోమీటరును రెండుగా లెక్కేస్తారు) లైన్లు కావాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2022లోనే ప్రణాళిక వేసింది. అనంతపురం, కర్నూలు ఎండా గాలీ నగరాలకు చేరాలంటే తీగలు తప్పవు. అన్ని వేలు వేయబోతున్నాం గనకే ముందు చూసుకోమంటున్నాను.

చూడటం చేతకాని పనా అంటే అదీ కాదు. పెద్ద లైన్లు వేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ పవర్‌గ్రిడ్ 1998లోనే సొంతంగా పర్యావరణ, సామాజిక విధానం రాసుకుంది. మూడు ప్రత్యామ్నాయ మార్గాలు పోల్చి ఒకటి ఎంచాలని అందులో ఉంది. పోల్చిన పట్టిక ఊరివాళ్ల చేతికి రాదు, అంతే తేడా. ఆ పట్టికని తెలుగులో పంచాయతీ గోడకి అంటించమనండి. మార్గం ఖరారు కాకముందే గ్రామసభ పెట్టమనండి. చెరువు దాటే ప్రతిచోటా వానాకాలం తర్వాత, పక్షులున్న నెలల్లో ఒకసారి చూసి రాయమనండి. తీగ పక్షికి కనబడేలా ఎర్త్‌వైర్‌కి కట్టే బర్డ్ డైవర్టర్లు స్ట్రింగింగ్ అప్పుడే, అంటే తీగలు లాగేటప్పుడే కట్టేస్తే పెద్ద ఖర్చు కాదు. లైనుకి కరెంటు ఎక్కించాక కట్టాలంటే షట్‌డౌన్ అడగాలి, అది ఎవరూ ఇవ్వరు.

ఆలస్యమైపోతుందని ఇంజినీర్లు అంటారు. ఇప్పుడు ఆలస్యం కావడం లేదా? పునాది గుంట దగ్గర రైతులు కూర్చుంటారు, కరెంటు లైన్లకూ వర్తింపజేసే 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద కలెక్టర్ ఉత్తర్వు, పోలీసు బందోబస్తు, ఆపై కోర్టు. ఆ కోర్టులో తేలేది పరిహారం ఎంత అన్నదే. గీత అక్కడే ఎందుకు పోవాలన్న ప్రశ్న అప్పటికి ఎవరి ముందూ ఉండదు.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. విద్యుత్ చట్టం కింద లైను వేయబోయే సంస్థ పేపర్లో ప్రకటన ఇస్తుంది. ఏయే మండలాల్లో ఏయే ఊళ్ల మీదుగా వెళ్తుందో పేర్లన్నీ అందులో ఉంటాయి, అభ్యంతరాలు చెప్పడానికి రెండు నెలల గడువు ఉంటుంది. టెండర్ల మధ్య, చీమ తలకాయంత అక్షరాల్లో పడే ఆ ప్రకటన నాలాంటి పాత సర్వేయర్లు తప్ప ఎవరూ చదవరు. అది వచ్చిన రోజునే ఆ ఊళ్ల పేర్లను, గడువు తేదీని జిల్లా పేజీలో వార్తగా వేయగలరా? మ్యాపు కావాలంటే నేను గీసి ఇస్తాను, డబ్బులక్కర్లేదు.

ఇట్లు
ఒక విశ్రాంత లైన్ సర్వేయర్