యుద్ధభూముల పటాలు పెట్టించండి

సంపాదకులకు నమస్కారం.

బొబ్బిలి యుద్ధ స్మారక స్తంభం దగ్గరికి వచ్చే బడిపిల్లలకు 1757 జనవరి 24 అనే తేదీ, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, తాండ్ర పాపారాయుడి పౌరుషం చెప్పి పంపేస్తున్నారు. అవి చెప్పవలసినవే. కానీ ఇరువైపుల సైనికులూ ఎలాంటి నేల మీద, ఏ కాలంలో పోరాడారో చెప్పేవారు లేరు. మట్టిగోడల కోట, చుట్టూ దట్టమైన అడవి, ఆ అడవిలోంచి ఒక ఇరుకు దారి: అప్పటి జమీందారులకు అసలైన రక్షణ అదే. అలాంటి చోటికి ఫిరంగులను ఈడ్చుకురావాలంటే గెడ్డలు (వాగులు) తగ్గి, నేల గట్టిపడిన సంక్రాంతి రోజులే అనువైనవనీ, వానాకాలమైతే ముట్టడి అంత సులువుగా సాగేది కాదనీ నా నమ్మకం.

అదే ఏడాది జూన్ 23న బెంగాల్‌లోని ప్లాసీలో, అక్కడి నవాబుకూ ఈస్టిండియా కంపెనీ సేనాని క్లైవ్‌కూ మధ్య జరిగింది చూడండి. నడిమధ్యాహ్నం కురిసిన కుండపోతకు నవాబు సైన్యం మందుగుండు తడిసి ముద్దయింది. మామిడితోటలో ఉన్న క్లైవ్ సిపాయిలు మాత్రం తమ మందు మీద టార్పాలిన్లు కప్పుకొన్నారు. అవతలి ఫిరంగులూ పనికిరాకుండా పోయి ఉంటాయనుకొని ముందుకు దూకిన నవాబు సేనాని మీర్ మదన్ ఆ గుళ్ళకే బలయ్యాడు. నవాబు సేనాపతి మీర్ జాఫర్ ద్రోహం ఎంత పెద్దదైనా, ఆ వాన సంగతి వదిలేస్తే ప్లాసీ కథ సగమే చెప్పినట్టు.

మన పద్మనాభం యుద్ధం కూడా వరి నారు పోసే ఆకుమళ్ళ కాలంలోనే, 1794 జూలై 10న జరిగింది. విజయనగరం రాజు చిన విజయరామరాజు కంపెనీ సేనల చేతిలో నేలకొరిగిన ఆ చోట కొండ ఎటుంది, గోస్తని నది ఎటు పారుతోంది, శత్రువు ఏ వైపు నుంచి వచ్చాడు అన్నవి చూసేవారికి తెలియాలి.

నేల, వాతావరణం యుద్ధాన్ని మలచడం గతానికే పరిమితమైన విషయం కాదు. మన విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి ఎందరో కుర్రాళ్ళు వేకువనే రోడ్ల మీద పరుగు సాధన చేసి సైన్యంలో చేరుతున్నారు. 1984 నుంచి మన సేనలు కాపలా కాస్తున్న హిమాలయాల్లోని సియాచిన్ మంచునదిపై శత్రువు తూటాల కంటే చలి, మంచుచరియలే ఎక్కువమంది ప్రాణాలు తీశాయి. ఉక్కపోతలో పెరిగిన మన పిల్లలు ఆ చలికి ఎలా తట్టుకుంటారో ఇళ్ళలో తల్లులకు తెలియదు, బడిలో పాఠంగానూ లేదు.

కాబట్టి పురావస్తు, పర్యాటక శాఖలు బొబ్బిలిలోనూ పద్మనాభంలోనూ ఆనాటి కోట, అడవి, దారులు, చెరువులు, సేనలు నిలిచిన దిక్కులు చూపే పెద్ద పటాలను తెలుగులో పెట్టించాలని కోరుతున్నాను. ఇళ్ళ స్థలాలు, కొత్త రోడ్లు ఆ నేల రూపును మార్చేస్తున్నాయి గనుక ముందుగా సర్వే చేయించాలి. పాత గట్లు, వాగుల జాడ చూపగల పెద్దలు ఆ ఊళ్ళలో ఇంకా ఉన్నారు; సర్వేయర్లు వారిని వెంటబెట్టుకొని తిరగాలి.

ఇట్లు,
విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు, బొబ్బిలి