‘విషాద సారంగధర’ అని టికెట్ అమ్మి శుభం కార్డు వేశారు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

మొన్న శనివారం సాయంత్రం రాజమండ్రిలో మీ కంపెనీ వేయించిన ‘విషాద సారంగధర’ నాటకం గురించి ఈ ఫిర్యాదు. రెండు టికెట్లు 700, పైన మీ బుకింగ్ చార్జీ 58 రూపాయలు.

మాది రావులపాలెం దగ్గర పల్లె. మా నాన్నగారికి 78 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, అయినా ఫోన్‌లో మీ పోస్టర్ చూపించగానే “ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకమా, పదరా” అని గౌతమి వంతెన మీదుగా బస్సులో వచ్చేశారు. ఒకప్పుడు మా వైపు తీర్థాల్లో నాటకాలకి హార్మోనియం వాయించిన మనిషి.

ఆరింటికన్నది ఏడుంపావుకి మొదలైంది, పోనీ, నాటకమంటే అంతే. హార్మోనియం మాత్రం లేదు. పద్యాలన్నీ ట్రాక్ మీద నడిపారు, వెనక్కి తిప్పే దిక్కు లేక, జనం వన్స్ మోర్ అని అరిచినా సారంగధరుడి సవతి తల్లి చిత్రాంగి వేసినావిడ నవ్వి ఊరుకుంది. నటుల్ని నేనేమీ అనను, పావురం కోసం సారంగధరుడు ఆవిడ మేడకెళ్లిన రంగం నిజంగా బాగా చేశారు. కానీ చిత్రాంగి వేసిన నింద నమ్మి రాజరాజ నరేంద్రుడు కొడుకు కాళ్లూ చేతులూ నరకమని ఆజ్ఞ ఇచ్చాడో లేదో, లైట్లు వెలిగించి యాంకర్‌ని పంపి స్పాన్సర్ గారి అపార్ట్‌మెంట్లలో ఇంకెన్ని ఫ్లాట్లు మిగిలాయో చెప్పించారు చూడండి, అది ఎవరి తెలివో తెలుసుకోవాలనుంది.

అసలు బాధ ముగింపు గురించి. పొగ వచ్చింది, పొగలోంచి సిద్ధుడొచ్చాడు, కాళ్లూ చేతులూ మొలిచాయి, పూలు చల్లారు. ఆ కథ లేదని నేననను, పాతకాలపు కవి గౌరన రాసిన నవనాథ చరిత్ర కావ్యంలో ఉన్నది అదే. కానీ సంస్కృత నాటక పద్ధతిలో అంతా శుభంగా ముగించాలని పట్టుబట్టే కాలంలో ఆచార్యులవారు కావాలని ఏడిపించి ముగించారు, ఆ నాటకానికి అంత పేరొచ్చింది అందుకే కదా! అది మార్చేసి, పోస్టర్ మీద ‘విషాద’ అన్న మాట మాత్రం ఉంచుకున్నారు.

అందరూ లేచి చప్పట్లు కొడుతుంటే నాన్నగారు కుర్చీలోంచి లేవలేదు. “అయిపోయిందా? వాడు చచ్చిపోవాలి కదరా!” అన్నారు, కాస్త గట్టిగానే. ముందు వరసలో వాళ్లు వెనక్కి తిరిగి చూశారు. బస్సులో కూడా రావులపాలెం దాకా అదే మాట.

మీ చాట్‌లో అడిగితే “షో జరిగింది కాబట్టి రీఫండ్ వర్తించదు” అని మెసేజ్ వచ్చింది. జరిగింది, కాదనను, మీరు అమ్మిన నాటకం మాత్రం కాదు. నా 758 రూపాయలు 15 రోజుల్లో వెనక్కి వేయండి, లేదంటే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడతాను. ఇంకో ఊళ్లో ఇదే వేస్తే పోస్టర్ మీద ఉత్త ‘సారంగధర’ అని రాసుకోండి, హార్మోనియం వాయించే ఆయన్ని కూడా పిలిపించండి. మనిషి దొరకలేదంటే మాత్రం నమ్మను, మా ఇంట్లోనే ఒకాయన ఖాళీగా ఉన్నారు.

ఇట్లు,
రెండు టికెట్లు కొన్నవాడు