మా పిల్లల టీసీలు ఇప్పించండి: గురుకులాల జిల్లా అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి నమస్కారములు.

కోనసీమలోని ఒక బాలుర గురుకులంలో ఈ ఏడాది పదో తరగతి పూర్తిచేసిన విద్యార్థి తండ్రిని. అర్జీలు ఇచ్చాం, రసీదులే మిగిలాయి. అందుకే నలుగురి ముందూ రాస్తున్నాను.

ఐదో తరగతిలో ట్రంకుపెట్టె మోసుకుంటూ చేరిన పిల్లలు వీళ్లు. తెల్లవారుజామునే బోరు దగ్గర బకెట్లు వరసపెట్టి, స్టడీ అవర్‌లో కునికిపాట్లు పడుతూనే చదివారు. కబడ్డీలో జిల్లా స్థాయికి వెళ్లారు. మంచి మార్కులు తెచ్చుకున్నారు. వాళ్ల ఫొటోలు ఫ్లెక్సీకి ఎక్కడానికి ఏ సంతకమూ అడ్డురాలేదు లెండి.

టీసీలు, స్టడీ సర్టిఫికెట్లు మాత్రం బీరువాలోనే ఉన్నాయి. ప్రిన్సిపాల్ గారు బదిలీ అయ్యారు. సంతకం చేసే అధికారం తనకు లేదని ఇన్‌ఛార్జి గారు అంటున్నారు. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది స్థానికతకు ఆధారమని 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు చెబుతున్నాయి. ఆ స్టడీ సర్టిఫికెట్ లేకుండా పాలిటెక్నిక్‌లో మావాడు స్థానికుడని ఏం చూపించాలి?

లంక గ్రామం నుంచి పడవ దాటి వచ్చే కొబ్బరి వలుపు కార్మికుడికి బడికి రావడమంటే ఆ రోజు కూలి పోయినట్టే. ఒక కుర్రాడి తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. వాళ్ల అమ్మమ్మ వేలిముద్ర వేసిన అర్జీ పట్టుకుని గుమ్మం దగ్గర కూర్చుంటే, "పైనుంచి ఆర్డరు రావాలమ్మా" అని పంపేశారు.

దయచేసి సంతకం చేసే అధికారం ఎవరిదో లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్ల పరిశీలన మొదలయ్యేలోగా, బడిలోనే ఒక రోజు పెట్టి అందరికీ పత్రాలు ఇప్పించండి. ఆ తేదీని నోటీసు బోర్డులో పెట్టించండి.

ఇట్లు,
ఒక విద్యార్థి తండ్రి