విషయం: పేజీలు లేని పుస్తకం, జవాబు చెప్పని మీ కార్యాలయం

కస్టమర్ సర్వీస్ విభాగాధిపతి గారికి,

నమస్కారం. పదకొండేళ్లుగా మీ వద్దే పుస్తకాలు కొంటున్నవాణ్ణి. ఫిలడెల్ఫియా నుంచి వేసవికి వచ్చే మనవడికి ఇద్దామని జనవరిలో మీ ద్వారా తెప్పించుకున్న పాతకాలపు బేస్‌బాల్ చరిత్రలో 1908 తర్వాత పేజీ తిప్పితే 1915 వచ్చింది. బైండింగులో పొరపాట్లు జరుగుతూనే ఉంటాయి, దానికి నాకు కోపం లేదు.

హోమ్ రన్ల (బ్యాటర్ ఒక్క దెబ్బకే నాలుగు బేసులూ చుట్టివచ్చి సాధించే పరుగు) పేజీలు లేవని చెబితే, మొదట ఫోన్ ఎత్తిన అమ్మాయి "హోమ్ రన్ అంటే సిక్సరే కదండీ" అంటూ క్రీడా సామగ్రి విభాగానికి కలిపింది. అక్కడ పద్దెనిమిది నిమిషాలు సంగీతం వినిపించి, బ్యాటు విరిగితే వారంలోపే వాపసు చేయాలని సెలవిచ్చారు. రెండో ఆయన లేని పేజీల ఫోటోలు పంపమన్నారు. 1908, 1915 పక్కపక్కనే కనిపించేలా బొటనవేలితో నొక్కిపట్టి ఫోటో తీసి పంపితే, "ఫోటోలో లోపమేమీ కనిపించలేదు" అని జవాబు వచ్చింది. మూడో ఆయన ఇంకాస్త పండితుడు: "హోమ్ రన్ల వీరుడు బేబ్ రూత్ పేజీలు ఉన్నాయి కదా సార్, ఆయన ముందువాళ్లు కొట్టిన హోమ్ రన్లెన్ని?"

నేను ఆ పుస్తకం కొన్నదే ఆ ముందువాళ్ల కోసం. ఒకే బంతిని మట్టికొట్టుకుపోయేదాకా వాడి, హోమ్ రన్లు అరుదుగా వచ్చిన ఆ రోజుల్లో, 1909లో టై కాబ్ తొమ్మిది హోమ్ రన్లతో అమెరికన్ లీగ్‌లో (అక్కడి రెండు పెద్ద లీగ్‌లలో ఒకటి) ప్రథముడయ్యాడు. వాటిలో ఒక్క బంతీ కంచె దాటలేదు, తొమ్మిదీ పరుగెత్తి సాధించినవే. 1911లో, ఇప్పుడు మా మనవడు ఉండే ఊరికి అప్పట్లో చెందిన జట్టు అథ్లెటిక్స్‌కు ఆడిన ఫ్రాంక్ బేకర్ పదకొండుతో లీగ్‌లో మొదటివాడయ్యాడు. ఆ ఏటి వరల్డ్ సిరీస్‌లో (రెండు లీగ్‌ల విజేతల మధ్య తుదిపోరు) జెయింట్స్ జట్టు పిచర్లు, అంటే బంతి విసిరేవాళ్లు, మార్క్వర్డ్, మాథ్యూసన్‌ల మీద వరుస ఆటల్లో చెరొకటి కొట్టి 'హోమ్ రన్ బేకర్' అనిపించుకున్నాడు. 1920లో రూత్ కొట్టిన 54 ఎంత వింతో ఈ పదకొండు పక్కన పెడితేనే కదా తెలిసేది!

ఇంతా విన్న తర్వాత మీ నుంచి "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" అన్న సందేశం వచ్చింది. ఎవరు పరిష్కరించారో, ఎప్పుడు పరిష్కరించారో దయచేసి నాకూ తెలియజేయండి.

పదిహేను రోజుల్లో పూర్తి ప్రతి గానీ, డబ్బు గానీ, దానితోపాటు సంతకం ఉన్న క్షమాపణా అందకపోతే, ఈ కాగితాలన్నీ పట్టుకుని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. మా ఇంట్లోని మూడు ఖాతాలూ మూసేస్తాం. ఈలోగా ఫోన్ చేయించదలిస్తే, సిక్సర్ అనని వారి చేత చేయించండి.

భవదీయుడు,
మీ పాత ఖాతాదారు