ల్యాబ్‌లో ఏదీ పేలలేదు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

శనివారం సైన్స్ ఎగ్జిబిషన్‌లో ఏదో పేలిందని గ్రూపుల్లో తిరుగుతోందట. ఏదీ పేలలేదు. ఏడో తరగతి బాబు ఒకడు ఇంటి నుంచి తెచ్చుకున్న గ్లో స్టిక్‌ను (వంచితే వెలిగే ప్లాస్టిక్ గొట్టం) కత్తెరతో కోశాడు, లోపలి ద్రవం అంటిన చేత్తోనే కన్ను నులుముకున్నాడు. వెంటనే కుళాయి దగ్గర పావుగంట సేపు కన్ను కడిగించి, వాళ్ల అమ్మగారిని పిలిపించి డాక్టరుకు చూపించాం. సోమవారం బడికి వచ్చేశాడు. రాత్రి పదకొండింటికి ఫార్వర్డ్ చేసేముందు ఒక్కసారి మాకు ఫోన్ చేసి ఉంటే ఇంతమందికి టెన్షన్ ఉండేది కాదండీ.

ఆ ప్లాస్టిక్ గొట్టం లోపల సన్నని గాజు గొట్టం ఇంకొకటి ఉంటుంది. ఒకదాంట్లో హైడ్రోజన్ పెరాక్సైడ్, ఇంకోదాంట్లో డైఫినైల్ ఆక్సలేట్ అనే రసాయనం, రంగు. వంచితే గాజు టప్పున విరిగి రెండూ కలుస్తాయి, అప్పుడు పుట్టే శక్తిని రంగు అందుకుని వెలుగుగా వదులుతుంది. నిప్పూ లేదు, కరెంటూ లేదు. కోస్తే మాత్రం ద్రవంతో పాటు గాజు పెంకులూ బయటపడతాయి. దయచేసి ఇంట్లో కోయనివ్వకండి.

ఈ గొడవలో మా తొమ్మిదో తరగతి అమ్మాయిలు ముగ్గురు చేసిన పని ఎవరికీ కనబడలేదు, నా బాధ అదే. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక చీకట్లో మెట్లు దిగడానికి ఎంత భయపడ్డారో ఒక పాప నాయనమ్మగారు చెప్పారట. మెట్టు అంచు కనబడితే చాలు, కానీ తెల్లవార్లూ వెలగాలి అనుకుని ఒకే రకం స్టిక్కులు రెండు తెచ్చి ఒకటి వేడినీళ్లలో, ఒకటి ఐసు నీళ్లలో పెట్టారు. వేడిది ధగధగా వెలిగి రెండు గంటలు తిరిగేసరికి ఆరిపోయింది. చల్లటిది మసగ్గానే ఉంది, కానీ రాత్రంతా స్టాఫ్ రూమ్ ఫ్రిజ్‌లో ఉంచి పొద్దున్న తీస్తే ఇంకా ఆకుపచ్చగా వెలుగుతోంది! చలికి రసాయన చర్య నెమ్మదిస్తుందని పుస్తకంలో చదవడం వేరు, గుప్పిట్లో పెట్టుకుని చూడడం వేరు. అరగంటకోసారి వాళ్లు రాసుకున్న నోట్‌బుక్ నా టేబుల్ మీదే ఉంది, కొట్టివేతలతో సహా. షాపులో కొన్న థర్మోకోల్ అగ్నిపర్వతాలు ఈసారి పదకొండు వచ్చాయి, వాటి గురించి అడిగితే పిల్లలు ఒక్క ముక్క చెప్పలేకపోయారు. డబ్బు పెట్టి మోడల్ కొనివ్వకండి, పాడుచేసినా సరే పిల్లల్నే చేయనివ్వండి.



వచ్చే శనివారం మూడింటికి ఆ అమ్మాయిలు ల్యాబ్‌లో మళ్లీ చేసి చూపిస్తారు. రండి, కిటికీలు మూసి ఉంచుతాం.

మీ ప్రధానోపాధ్యాయురాలు